మహిళాలోకం లేచిందని పాడటానికి కూడా మగవాడే కావాలా?

మల్లెచెట్టు
నిన్న టీవీలో గుండమ్మ కథ వచ్చింది. ఆరో తరగతి చదివే మా అమ్మాయి నా పక్కనే కూర్చుని చూసింది. ‘లేచింది నిద్ర లేచింది మహిళాలోకం’ పాట వచ్చింది. రామారావు హుషారుగా పాడుతున్నాడు, సావిత్రి మురిసిపోతూ వింటోంది. మా అమ్మాయి ఉన్నట్టుండి అడిగింది: “లేచింది ఆడవాళ్లయితే పాట ఆయన పాడుతున్నాడేమిటమ్మా?” అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను గానీ, రాత్రంతా ఆ మాట నన్ను వదలలేదు.

చూసిన సినిమాలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ పోయాను. సప్తపదిలో హేమ మనసెరిగి ఆమెకు దారి ఇచ్చేది కట్టుకున్న భర్తా, తాతగారైన యాజులుగారూ. పింక్‌లో అమ్మాయిలు ‘వద్దు’ అన్న మాటకు కోర్టులో బలం తెచ్చేది అమితాబ్ బచ్చన్. మొన్నటి లాపతా లేడీస్‌లో జయను చదువుకోవడానికి వదిలిపెట్టేది పోలీసు అధికారి. వీళ్లంతా మంచివాళ్లే, కాదనను. కానీ ఆడది తనను తాను తెలుసుకోవడానికి కూడా ఒక మంచి మగవాడు ఎదురుపడాలా? ఎదురుపడకపోతే ఆమె గతి ఏమిటి? ఎవరి అనుమతీ లేకుండా గడప దాటి, తనంతట తాను తేల్చుకున్న ఆడవాళ్ల కథలు మన సినిమాల్లో ఎన్ని ఉన్నాయి? తెలుగే కానక్కరలేదు, ఏ భాషయినా చెప్పండి.

పాతరీలు
పాప ప్రశ్న బాగుంది. కానీ గుండమ్మ కథను అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. 1962లో అంత పెద్ద హీరో పనివాడి వేషంలో పొట్టి నిక్కరు వేసుకుని ఇంటిపని చేశాడు. అది చూసి ఎన్ని ఇళ్లలో మగవాళ్లు సిగ్గుపడ్డారో! పింగళివారు సరదాగా రాసినా చెప్పవలసింది చెప్పారు.

కాటుకరేఖ
సరదా ఎవరి మీద అన్నదే ప్రశ్న. ఆడవాళ్లు ఉద్యోగాల్లో చేరి నిరుద్యోగులను పెంచారనే మాట కూడా ఆ పాటలోనే ఉంది. ఒక చేత్తో హారతి, ఇంకో చేత్తో మొట్టికాయ.

పాతరీలు
ఆ మాట ఉన్నది నిజమే. ఒప్పుకుంటున్నాను.

కాటుకరేఖ
మల్లెచెట్టు గారి ప్రశ్నకు నా జవాబు అర్థ్. 1982లో వచ్చింది, మహేశ్ భట్ తీశాడు. షబానా ఆజ్మీకి జాతీయ అవార్డు తెచ్చింది. మొగుడు ఇంకొకరి కోసం వెళ్లిపోతాడు, చివరికి తిరిగి వస్తాడు. అప్పుడు ఆమె ఒక్క ప్రశ్న అడుగుతుంది: నువ్వు చేసిన పని నేను చేసి తిరిగొస్తే నన్ను రానిచ్చేవాడివా? అతను లేదంటాడు, అబద్ధం కూడా చెప్పలేడు. ఆమె తలుపు మూసేస్తుంది. అక్కడితో ఆగితే మామూలు సినిమా అయ్యేది. కష్టకాలంలో తోడు నిలిచిన రాజ్, మంచివాడు, పాటలు పాడేవాడు, పెళ్లి చేసుకుందామంటాడు. అతనికీ వద్దనే చెబుతుంది. పనిమనిషి కూతురిని పెంచుకుంటూ తన బతుకు తాను బతుకుతుంది. మీరు అడిగిన ‘మంచి మగవాడు’ ఈ సినిమాలోనూ ఉన్నాడు. ఉన్నా ఆమెకు అతని అవసరం లేకపోయింది.

నేలటికెట్టు
మా బావ ఆ సినిమా చూసి వచ్చి రెండు రోజులు ఒకటే గోల, “రాజ్ చేసిన తప్పేమిటి? ఆ కుర్రవాడి తప్పేమిటి?” అని. మా అక్క మూడో రోజు చెప్పింది: “తప్పు చేసినవాడిని వద్దనడం ఎవరైనా చేస్తారు. తప్పు చేయనివాడిని వద్దనడానికే ధైర్యం కావాలి.” బావ ఇంకా ఆలోచిస్తున్నాడు.

మల్లెచెట్టు
మీ అక్కగారిని ఇక్కడికి పిలవండి. మీ తరఫున ఆవిడే రాస్తే మాకు లాభం.

ఝాన్సీ85
నా పేరు చూస్తేనే తెలిసిపోతుంది, నేను ఎక్కడి నుంచి వచ్చానో. ప్రతిఘటన వచ్చినప్పుడు ఇంటర్ చదువుతున్నాను. అందులో విజయశాంతి లెక్చరరు ఝాన్సీ. నడివీధిలో అందరూ చూస్తుండగా ఆమె బట్టలు ఊడదీస్తారు. మళ్లీ పాఠం చెప్పడానికి తరగతికి వెళితే బోర్డు మీద బొమ్మ గీసి ఉంటుంది. అప్పుడు జానకిగారి గొంతులో వేటూరి పాట. హాలులో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. అంతకుముందు ఈలలు వేసిన మగపిల్లలు తలలు దించుకుని కూర్చోవడం నా కళ్లతో చూశాను. చివర గొడ్డలి ఎత్తినప్పుడు మా అత్తయ్య లేచి నిలబడింది. ఆవిడ అప్పటివరకు ఇంట్లో మామయ్య ఎదుట కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. విజయశాంతికి ఎవరూ ఏదీ ఇవ్వలేదు, తనే తీసుకుంది. తర్వాత 1990లో కర్తవ్యం, దానికి జాతీయ అవార్డు. మా తరం ఆడపిల్లలకు వెన్ను నిటారుగా పెట్టుకుని నడవడం నేర్పింది ఆమే.

అరుగుమీద
గౌరవంతోనే ఒక మాట అంటాను. గొడ్డలి పట్టడం పగ తీర్చుకోవడం అవుతుంది, తనను తాను తెలుసుకోవడం ఎలా అవుతుంది? హీరో చేతిలోని గొడ్డలి హీరోయిన్ చేతికి మారింది, అంతే. పైగా ఆమెను ముందు అంత ఘోరంగా అవమానిస్తే తప్ప తిరగబడే హక్కు కథ ఆమెకు ఇవ్వలేదు. మామూలు రోజున మామూలు ఆడది ‘ఇక చాలు’ అంటే మన సినిమాకు సరిపోదు. రక్తం కావాలి.

ఝాన్సీ85
అరుగుమీద గారూ, ఆ సినిమా చూసిన వారానికి సిటీ బస్సులో ఒకడు నా మీద చేయి వేశాడు. అంతకుముందు అలాంటివి జరిగితే ముందుకు జరిగేదాన్ని, దిగేదాన్ని, ఇంటికి వెళ్లి ఏడ్చేదాన్ని. ఆ రోజు ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని పైకెత్తి, “కండక్టరు గారూ, ఈ చెయ్యి ఎవరిదో కనుక్కోండి” అని అరిచాను. బస్సంతా వెనక్కి తిరిగింది. నా చేతిలో గొడ్డలి లేదు. నాకు అంత గొంతు ఉందని మాత్రం ఆ రోజే తెలిసింది. మీరు దీన్ని పగ అంటారో, తెలుసుకోవడం అంటారో మీ ఇష్టం.

అరుగుమీద
మీ అనుభవం ముందు నేను వాదించను. మామూలు రోజు గురించి అన్నమాట మాత్రం అలాగే ఉంచుతున్నాను.

చదువరి
‘మామూలు రోజు’ కావాలంటే సత్యజిత్ రాయ్ తీసిన చారులత చూడండి అరుగుమీద గారూ. మొదటి పది నిమిషాలు కథే లేదు. కిటికీ తలుపుల సందుల్లోంచి చిన్న దుర్భిణితో వీధిలో పోయేవాళ్లను చూస్తూ ఒక గది నుంచి ఇంకో గదికి తిరుగుతుంది. మొగుడు పుస్తకం చదువుకుంటూ పక్క నుంచే వెళతాడు, ఆమెను చూడడు. ఆమె అతన్ని కూడా ఆ దుర్భిణిలోంచే చూస్తుంది. కట్టుకున్నవాడు వీధిలో పోయే మనిషి అంత దూరమయ్యాడని ఒక్క మాట లేకుండా తెలుస్తుంది.

కొత్తకాపురం
నాకు పెళ్లయి రెండేళ్లు. ది గ్రేట్ ఇండియన్ కిచెన్ అనే మలయాళ సినిమా 2021లో, పెళ్లికి ముందే చూశాను. అప్పుడు బాగుందనుకున్నాను, అంతే. పెళ్లయ్యాక మళ్లీ చూస్తే సగంలో ఆపేయవలసి వచ్చింది.

అందులో కొట్టుకోవడాలు లేవు, తిట్టుకోవడాలు లేవు. మామగారు నెమ్మదిగా, నవ్వుతూ మాట్లాడతాడు. కుక్కరు వద్దు, అన్నం కట్టెల పొయ్యి మీదే వండాలంటాడు. బట్టలు యంత్రంలో వేస్తే పాడైపోతాయంటాడు. నమిలిన ములక్కాడ పిప్పి బల్ల మీదే వదిలేసి లేస్తారు. సింకు కింద గొట్టం కారుతుంటుంది. ప్లంబరును పిలవమని ఆమె ఎన్నిసార్లు చెప్పినా మొగుడు మరచిపోతాడు. కారే నీళ్ల కింద ఆమె బకెట్టు పెడుతుంది, గోనె పరుస్తుంది. ఆ మురికినీళ్ల వాసన తన చేతులకే అంటుకుందని రాత్రి పక్క మీద కూడా అనుకుంటుంది. చివరికి ఆ నీళ్లే తీసుకెళ్లి ఇద్దరి మీదా కుమ్మరించి వెళ్లిపోతుంది.

నన్ను ఎక్కువగా కదిలించింది అత్తగారు. ఆవిడ పీజీ చదివింది. మామగారు అది గొప్పగా చెప్పుకుంటాడు, అంత చదివిన ఆవిడను ఇంట్లో కూర్చోబెట్టినందుకు. ఊరు వెళ్లిన ఆ అత్తగారు ఫోనులో కోడలికి నెమ్మదిగా చెబుతుంది: ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకో, నేను చెప్పానని మాత్రం చెప్పకు. మల్లెచెట్టు గారూ, మీ ప్రశ్నకు ఇదొక జవాబు. అక్కడ మంచి మగవాడు లేడు. భయపడుతూనే దారి చూపిన ఒక ఆడమనిషి ఉంది.

కాటుకరేఖ
ఆ ఫోను మాట చాలామంది గమనించరు. మన సినిమాలు అత్తను ఎప్పుడూ సూర్యకాంతంలాగే చూపించాయి. మహానటి ఆవిడ, అందులో సందేహం లేదు. కానీ ఆడదానికి ఆడదే శత్రువు అన్న మాట జనం నోట అంతగా నానడంలో ఆ పాత్రల పాలు చాలా ఉంది. ఇంట్లో అధికారం మామగారిది, చెడ్డపేరు అత్తగారిది.

నేలటికెట్టు
మా అమ్మమ్మ సూర్యకాంతం కనబడితే చాలు, “నోరున్న ఆడది” అని నవ్వుకునేది. తిట్టు కాదండోయ్, మెచ్చుకోలు. మా తాతగారు గదిలో ఉంటే మాత్రం పైకి అనేది కాదు.

చదువరి
కొత్తకాపురం గారు రాసింది చదివాక ఒక విషయం చెప్పాలనిపించింది. నేను ఆ సినిమాను మా అమ్మతో, భార్యతో కలిసి చూశాను. సినిమా అయ్యాక మంచి సినిమా అని ఇద్దరికీ చెప్పి లేచి గదిలోకి వెళ్లాను. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వస్తే నేను తిన్న కంచం నా భార్య కడుగుతోంది. ఏమీ అనలేదు, కనీసం నా వైపు చూడను కూడా లేదు. కంచం తీసుకుని కడగబోతే అమ్మ “నువ్వెందుకు నాన్నా” అంది. అప్పుడు ముగ్గురం అలాగే నిలబడిపోయాం. ఇది జరిగి మూడేళ్లవుతుంది. ఇప్పుడు రాత్రి గిన్నెలు నావి. అమ్మ ఇంకా అప్పుడప్పుడూ అంటూనే ఉంటుంది.

తూర్పుగాలి
పైనుంచి అన్నీ చదివాను. అందరూ గడప దాటడం గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మ, అమ్మమ్మ గడప లోపల ఎప్పుడు కూర్చున్నారు కనుక? తెల్లవారకముందే నాట్లకు, కలుపుకు పోయారు. కూలి డబ్బు చేతికి వచ్చేది, దాంతో స్వేచ్ఛ మాత్రం రాలేదు. ఇంట్లో మగవాడు, పొలంలో ఆసామి. ఇద్దరి మాటా పడాలి. మీరు చెప్పిన సినిమాల్లో మా ఇళ్లు ఎక్కడున్నాయి? కొత్తకాపురం గారు చెప్పిన వంటిల్లు పెద్దకులం వారి ఇల్లు. థప్పడ్‌లో అమృత ఒక్క చెంపదెబ్బకు విడాకులు అడిగింది, అడగవలసిందే. అదే ఇంట్లో పనిచేసే సునీత రోజూ దెబ్బలు తినే వస్తుంది. కనీసం ఆ సినిమా ఆమెను మరచిపోలేదు.

తెలుగులో 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం మాలపిల్ల తీశాడు. ఆ రోజుల్లో గొప్ప సాహసం. కానీ ఆ అమ్మాయి కథ కూడా బ్రాహ్మణ యువకుడి ప్రేమ చుట్టూనే తిరుగుతుంది. మల్లెచెట్టు గారి లెక్కలో దాన్ని కూడా కలపండి.

ఇక తెర వెనుక సంగతి. మలయాళంలో తొలి మూకీ విగతకుమారన్. జె.సి. డేనియల్ తీశాడు. అందులో నాయిక పి.కె. రోజీ, దళిత స్త్రీ. తెర మీద నాయర్ స్త్రీగా కనిపించింది. ఆ ఒక్క నేరానికి ఆమె మీద దాడి చేశారు, ఇల్లు తగలబెట్టారు. ఊరు విడిచి తమిళనాడు వైపు పారిపోయింది, మళ్లీ సినిమాల్లో కనిపించలేదు. ఆమె నటించిన ఆ సినిమా కూడా ఇప్పుడు దొరకదు. మన సినిమాల్లో స్త్రీ ప్రతిఘటన అన్న మాట ఎత్తితే నేను ఆమె దగ్గరే మొదలుపెడతాను.

మల్లెచెట్టు
తూర్పుగాలి గారూ, గడప అన్న మాట నా ఇంటిలోంచి చూసి రాశాను. మీరు చెప్పేదాకా అది నాకు తట్టలేదు.

పాతరీలు
తూర్పుగాలి గారికి మిర్చ్ మసాలా గుర్తుచేయాలని ఉంది. కేతన్ మెహతా సినిమా. స్మితా పాటిల్ చనిపోయాక 1987లో విడుదలైంది. మిరప కారం కొట్టే కర్మాగారంలో పనిచేసే ఆడవాళ్ల కథ. పన్నులు వసూలు చేసే సుబేదారు కన్ను సోన్‌బాయి (స్మితా పాటిల్) మీద పడుతుంది. ఆమె పరుగున వచ్చి ఆ కర్మాగారంలో దాక్కుంటుంది. ఊరి పెద్దలందరూ ఆమెను అప్పగించమంటారు. లోపల ఉన్న ఆడవాళ్లలో కూడా కొందరు అంటారు, “నీ ఒక్కదాని కోసం మేమందరం చావాలా” అని. అదే నాకు నచ్చింది, ఐకమత్యం ఆకాశం నుంచి ఊడిపడలేదు. కాపలా ముసలాయన అబూ మియా ఒక్కడే తలుపు తీయనంటాడు. అతను మంచి మగవాడే. కానీ అతన్ని చంపేసి తలుపు పగలగొట్టాక కథ ఆగిపోదు. రోజూ దంచే కారమే గుప్పిళ్లతో సుబేదారు కళ్లలో కొడతారు. బయట ముఖియా, అంటే ఊరిపెద్ద, భార్య ఆడవాళ్లను పోగుచేసి పళ్లేలు మోగిస్తుంది. చేతిలో పనిముట్టు ఏదుంటే అదే ఆయుధం.

తూర్పుగాలి
ఇది చూశాను. మీరు చెప్పింది నిజం. ఆ కారం ఘాటు మా అమ్మ చేతుల్లో చూసి పెరిగాను కాబట్టి ఆ చివరి దృశ్యం నాకు సినిమాలా అనిపించలేదు.

అరుగుమీద
స్మితా పాటిల్ పేరు వచ్చింది కాబట్టి, భూమిక మరచిపోవద్దు. 1977, శ్యామ్ బెనెగల్. మరాఠీ నటి హంసా వాడ్కర్ ఆత్మకథ ఆధారం. మొగుడి పోరు పడలేక ఒక మగవాడి నుంచి ఇంకొకరి దగ్గరికి వెళుతుంది, ప్రతి ఇల్లూ మళ్లీ అదే జైలు. పెద్ద జమీందారు ఇంట్లో సుఖంగా ఉందనుకుంటాం. ఒకరోజు బయటికి వెళ్లబోతే ఆమెను వెళ్లనివ్వరు. మంచం పట్టిన పెద్దభార్య చెబుతుంది: పడకలు మారతాయి, వంటిళ్లు మారతాయి, మగవాళ్లు మాత్రం మారరని. చివర హోటల్ గదిలో ఒంటరిగా కూర్చుంటుంది, ఫోను మోగుతుంటుంది. నాకు తెలిసి మన సినిమాల్లో ఒంటరి ఆడదాని గదిని శిక్షగా చూపించని మొదటి సినిమాల్లో ఇది ఒకటి.

ఝాన్సీ85
దీన్ని మాత్రం పూర్తిగా ఒప్పుకుంటున్నాను. చూశారా, మనకు రాజీ కుదిరింది.

కొత్తకాపురం
తెలుగులో అంతులేని కథ ఎవరూ చెప్పలేదేమిటి? 1976, బాలచందర్. సరితగా వేసిన జయప్రద సంపాదిస్తే ఇల్లంతా తింటుంది. చివరికి పెళ్లి పీటల దాకా వచ్చి, ఆ వరుణ్ణి కూడా చెల్లెలికి ఇచ్చి, మళ్లీ అదే ఆఫీసుకు బయలుదేరుతుంది. మా అమ్మకు ప్రాణం ఆ సినిమా. నాకు కోపం వస్తుంది. త్యాగానికి చప్పట్లు కొట్టించి ఇంటికి పంపుతారు.

కాటుకరేఖ
నాకు కోపం రాదు. సరితకు నోరుంది, కోపం ఉంది, అన్న మీద అరుస్తుంది. త్యాగమూర్తిని నవ్వుతూ చూపించలేదు, విసుగుతో చూపించాడు. ఆ విసుగు చూసే మీ అమ్మగారు ‘నేను ఒక్కదాన్నే కాదు’ అనుకుని ఉంటారు.

నాకు అసలు కోపం వేరే ఉంది. ఇన్ని పేర్లు చెప్పుకున్నాం, తీసినవాళ్లలో ఆడవాళ్లు ఎందరు? లాపతా లేడీస్ తీసిన కిరణ్ రావు ఒక్కతే. మనకు కొరత కాదు. భానుమతి 1953లో చండీరాణిని మూడు భాషల్లో తీసింది. సావిత్రి 1968లో చిన్నారి పాపలు తీసింది. విజయనిర్మల 1973లో దర్శకత్వం మొదలుపెట్టి 44 సినిమాలు తీసి గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అయినా దర్శకులంటే మనకు గుర్తొచ్చే పేర్లలో వీళ్లు ఉండరు. వీళ్లు నటీమణులు, ‘దర్శకత్వం కూడా చేశారు’. ఆ ‘కూడా’ దగ్గర నాకు మండుతుంది.

చదువరి
2017లో లిప్‌స్టిక్ అండర్ మై బుర్ఖాకు సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ నిరాకరిస్తూ రాసిన మొదటి కారణమే అది స్త్రీల వైపు నుంచి చెప్పిన కథ అని. తీసింది అలంకృతా శ్రీవాస్తవ. పై ట్రిబ్యునల్‌కు వెళ్లి గెలుచుకుని విడుదల చేసుకోవలసి వచ్చింది.

తూర్పుగాలి
అదే 2017లో కేరళలో ఒక నటి మీద దాడి జరిగాక అక్కడి సినిమా ఆడవాళ్లు ఒక సంఘంగా కూడారు. వాళ్లు పట్టుబట్టడం వల్లే సినిమారంగంలో ఆడవాళ్ల కష్టాలు తేల్చడానికి జస్టిస్ హేమ కమిటీ వేశారు. 2019 చివర్లో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టు దాకా బయటికి రాలేదు. తెర మీద తిరగబడితే అవార్డు, తెర వెనుక తిరగబడితే అవకాశాలు పోతాయి.

ఉప్పుకారం
ఆలస్యంగా వచ్చాను. మీ అందరి మాటలు చదివి శనివారం రాత్రి మా అమ్మతో మహానగర్ చూశాను. సత్యజిత్ రాయ్, 1963. అమ్మకు బెంగాలీ రాదు, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు అంత వేగంగా చదవలేదు. పక్కన కూర్చుని చెవిలో చెబుతూ పోయాను. ఇల్లు గడవక ఆరతి అల్లిక యంత్రాలు ఇంటింటికీ తిరిగి అమ్మే ఉద్యోగంలో చేరుతుంది. మామగారు అలుగుతాడు. మొగుడే ఉద్యోగానికి పంపిస్తాడు, మళ్లీ అతనికే నచ్చదు.

మొదటి జీతం తీసుకున్న ఆరతి నోట్లు చేత్తో పట్టుకుని అద్దంలో తనను తాను చూసుకుంటుంది. నేను ఏదో చెప్పబోతే అమ్మ నా చేతి మీద చేయి వేసి, “ఇది నాకు అర్థమైంది” అంది.

సినిమా అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. అమ్మ టీచరుగా చేరిన కొత్తలో జీతం కవరులో ఇచ్చేవారు. పదకొండేళ్లు ఆ కవరు చించకుండా తెచ్చి తాతగారి చేతిలో పెట్టిందట. ఎంత వస్తుందో సంతకం పెట్టేటప్పుడు కాగితం మీద చూసేదట. పన్నెండో ఏట ఒకరోజు బడి నుంచి వస్తూ దారిలో చెట్టు కింద ఆగి కవరు చించి లెక్కపెట్టుకుంది. ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. చించిన కవరే తెచ్చి ఇచ్చింది. తాతగారు కవరు వైపు, అమ్మ వైపు చూశారు. ఏమీ అనలేదట. మరుసటి నెల నుంచి అమ్మ జీతం అమ్మ దగ్గరే ఉంది.

నాకు నలభై రెండేళ్లు. ఈ సంగతి నాకు నిన్నటి దాకా తెలియదు.

మల్లెచెట్టు
ఇది మా అమ్మాయికి చదివి వినిపించాను. “పాట ఎవరూ పాడలేదు కదా” అంది.

ఝాన్సీ85
ఉప్పుకారం గారూ, అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

ఉప్పుకారం
చెప్పాను. ఈ ఉదయం బెండకాయలు తరుగుతూ అడిగింది, “ఆ అమ్మాయి తోటి ఉద్యోగి కోసం రాజీనామా ఇచ్చేసింది కదా, మళ్లీ ఉద్యోగం దొరికిందా?” అని. అక్కడితో సినిమా అయిపోయింది, ఏమని చెప్పను?

చదువరి
చివర మెట్లు దిగి వచ్చాక ఆరతి మొగుడితో అనేది అదే కదండీ. ఇంత పెద్ద నగరంలో, ఇన్ని ఉద్యోగాల్లో, ఇద్దరిలో ఒకరికైనా దొరకదా అని. దొరికే ఉంటుందని చెప్పండి.